చిప్ ఒకటే, లెక్క వేరు

ప్రశ్న: లినక్స్‌లో ‘సెన్సర్స్’ కమాండు 12 వోల్టుల లైనును 1 వోల్టు అంటోంది. ఎవరో పంచిన కాన్ఫిగరేషన్ ఫైలు వాడొచ్చా?

జవాబు: బోర్డు మోడల్ అచ్చంగా కలిస్తే వాడొచ్చు.

సెన్సర్ చిప్ 12 వోల్టులను నేరుగా తట్టుకోలేదు. అందుకే తయారీదారులు మధ్యలో రెండు రెసిస్టర్లు పెడతారు. 110, 10 కిలోఓమ్‌ల జోడీ అయితే చిప్‌కు చేరేది 1 వోల్టే. దాన్ని మళ్లీ 12తో హెచ్చించేది ఫైల్లోని ‘కంప్యూట్’ వరుస. ఈ జోడీ బోర్డును బట్టి మారుతుంది. చిప్ పేరు చూసి ఫైలు ఎంచుకుంటే బోల్తా పడ్డట్టే.

ఈ కమాండును రూపొందించే ఎల్ఎం-సెన్సర్స్ బృందం గిట్‌హబ్‌లో ఇలాంటి ఫైళ్లను తయారీ సంస్థలవారీగా సర్ది ఉంచింది. అవి వాడకందార్లు పంపినవి, కాబట్టి బయోస్ తెరమీది అంకెలతో సరిచూడటం తప్పనిసరి. ఫైలును ‘సెన్సర్స్.డి’ ఫోల్డర్లో విడిగా పెట్టాలి.

సొంతంగా సరిచేసిన ఫైలుంటే, బోర్డు పూర్తి పేరు రాసి బృందానికి పంపండి.