కొలిచి చెప్పగలిగినవాడికే పని

కడోదరా

మేనల్లుడూ,

ఐటీఐలో రెండేళ్ల మోటారు మెకానిక్ కోర్సు ముగించావు. బండ్ల ఎలక్ట్రికల్ పనిలో ఎలా నిలదొక్కుకోవాలని అడిగావు. నేనుండే ఈ కడోదరా 48వ, 53వ జాతీయ రహదారులు కలిసే చోటు. హజీరా రేవు సరుకూ, చుట్టుపక్కల మిల్లుల బట్టా మోసే లారీలతో ఈ కూడలికి పొద్దూ రాత్రీ తేడా లేదు. సెల్ఫ్ తిరగకో, లైటు వెలగకో ఆగిపోయే బండ్లూ తక్కువేం కాదు. పని ఇంత ఉన్నా చేతిలో సర్టిఫికెట్ ఉన్న కుర్రాడికి ఉద్యోగం తేలిగ్గా దొరకదు. దీనికి అసలు కారణం ఒకటేనని నా అభిప్రాయం. పాడైన భాగం విప్పి కొత్తది బిగించడం చాలామందికి వచ్చు. పాడైంది ఏదో కొలిచి తేల్చడం కొందరికే వచ్చు. యజమాని మంచి జీతం ఇచ్చేది ఆ కొందరికే.

ఒక చిన్న లెక్క చూడు. 12 వోల్టుల బండిలో 55 వాట్ల హెడ్‌లైటు మసకగా వెలుగుతోంది. బల్బు పీకి, హోల్డర్‌లో మల్టీమీటరు పెడితే 12 వోల్టులూ చూపిస్తుంది. తీగలో కరెంటు పారనప్పుడు తుప్పుపట్టిన ఎర్త్ కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది మరి. బల్బు మారుస్తారు, మసక పోదు. అదే లైటు వెలుగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ బల్బు ఎర్త్‌కూ మధ్య కొలువు. ఆ ఎర్త్‌లో అర ఓము అడ్డు ఉన్నా దాదాపు 2 వోల్టులు అక్కడే పోతాయి, బల్బుకు అందేది సుమారు 40 వాట్లే. లోపం ఎక్కడుందో మీటరే చూపించింది. అందుకే లోడు మీద వోల్టేజి ఎక్కడ పడిపోతోందో కొలవడం ఈ విద్యకు పునాది అంటాను. సెల్ఫ్, డైనమో, రిలే, హారను అన్నిటికీ ఇదే పద్ధతి.

ఇప్పుడు స్కానర్ ఉందిగా, ఇదంతా ఎందుకని నువ్వు అడగవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు తప్పనిసరి అయ్యాక స్కానర్ లేనిదే పని సాగదన్నది నిజమే. కానీ స్కానర్ ఇచ్చే కోడ్ ఏ సర్క్యూట్‌లో లోపముందో చెబుతుంది. ఆ లోపం సెన్సార్‌దా, తీగదా, కనెక్టర్‌దా అన్నది మనిషే తేల్చాలి. బండిలోని కంప్యూటర్లను కలిపే క్యాన్ తీగల జతనే తీసుకో. రెండు కొసల్లోనూ 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ విప్పి కొలిస్తే సుమారు 60 రావాలి. 120 వచ్చిందంటే ఒక కొస తెగినట్టే. ఇక రేపు విద్యుత్ బండ్లు వస్తే ఈ చదువు వృథా అన్న మాటా వినిపిస్తుంది. కానీ విద్యుత్ కారులోనూ లైట్లకూ కంట్రోలర్లకూ 12 వోల్టుల సర్క్యూట్ ఉంటుంది. నారింజ రంగు హైవోల్టేజి కేబుళ్లను మాత్రం ప్రత్యేక శిక్షణ లేకుండా ముట్టుకోవద్దు.

ఐటీఐలో కొత్త బండ్లు లేవన్న నీ ఫిర్యాదు న్యాయమైనదే. అయితే పునాది నేర్చుకోవడానికి కొత్త బండి అక్కర్లేదు. పాత బ్యాటరీ, ఫ్యూజు, రిలే, రెండు బల్బులు, ఒక మీటరు చాలు. వైరింగ్ బొమ్మ నువ్వే గీసి, ఆ ప్రకారం కలుపు. తర్వాత స్నేహితుడి చేత ఎక్కడో ఒక లోపం పెట్టించి, ఏదీ విప్పకుండా కొలతలతోనే దాన్ని పట్టుకో. పెద్ద బండ్ల మీద అనుభవానికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో దొరికే శిక్షణలో చేరు. పట్టుకున్న ప్రతి లోపానికీ లక్షణం, కొలత, కారణం నోటుబుక్కులో రాయి. ఉద్యోగం అడగడానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్‌తో పాటు ఆ పుస్తకమూ యజమాని ముందు పెట్టు. నీకేం వచ్చో అందులో ఆయనకు కనిపిస్తుంది.

ఇట్లు,
నీ మేనమామ