గాజుతొట్టిలోని రొయ్యలు

మా పాఠశాల ప్రయోగశాలలో తూర్పు కిటికీ ప్రక్కను రెండు గాజుతొట్లు గలవు. ఒకదానిలో అంగుళమునకు మించని ఎఱ్ఱని చిన్నరొయ్యలు నాచును గిల్లుకొని తినుచు నెల్లప్పుడును తిరుగుచుండును. రెండవ తొట్టి ఖాళీగా నున్నది. అది యెట్లు ఖాళీ యయ్యెనో తెలుపుటకే యీ వ్యాసము. "రొయ్యలు సంతలో దొరకుచుండగా బడిలో పెంచుట యేల?" యని తలిదండ్రులు కొందఱు నవ్విరి. మేమును మొదట నవ్వినవారమే.

రొయ్య మిక్కిలి సున్నితమైన ప్రాణి. తొట్టిలో నీరు నింపిన నాడే దానిని విడువరాదు. రొయ్యల మలమునుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును, అది విషము. దానిని హాని తక్కువగు పదార్థముగా మార్చు సూక్ష్మజీవులు ఇసుకలోను, స్పంజిలోను స్థిరపడుటకు నాలుగైదు వారములు పట్టును. అంతవఱకు ఓపిక పట్టవలయును. కొళాయినీటిలోని క్లోరిన్ పోవుటకై దానిని ఒక దినము మూత లేక యుంచి పిదప పోయవలయును.

ఇంత జాగ్రత్త పడియు మేమొక తప్పు చేసితిమి. తొట్టిలో నీరు తగ్గెనని, రాగిబిందెలో రాత్రియంతయు నిలువయున్న నీటిని తెచ్చి పోసితిమి. పెద్దలు ఆరోగ్యమని త్రాగు నీరే గదా! మఱునాటికి ఆఱు రొయ్యలు చచ్చి పడియుండెను. వింత యేమనగా, మన రక్తములో ఇనుము చేయు పనిని రొయ్య రక్తములో రాగియే చేయును. ప్రాణవాయువును మోయునది అదియే. అయినను నీటిలో కరగిన రాగి యొకింత హెచ్చినను దాని ప్రాణము తీయును.

అటు పిమ్మట ఒకనాడు తెల్లని రొయ్య యొకటి అడుగున కదలక పడియుండుట చూచి ఆఱవ తరగతి బాలిక యేడ్చెను. అది రొయ్య కాదు, రొయ్య విడిచిన గుల్ల. ఒడలు పెరిగిన కొలది పాత గుల్లను విడిచి, క్రొత్తది గట్టిపడువఱకు అది నాచులో దాగియుండును. గుల్లను తీసివేయ బనిలేదు. రొయ్యలే దానిని తినును.

ఈ ఎఱ్ఱరొయ్యల జాతికి జన్మస్థానము తైవాను, చీనా ప్రాంతములు. అచ్చట సహజముగా గోధుమవన్నెతో నుండు వానిలో ఎఱుపెక్కువగు వానిని ఏర్చి పెంచగా నీ రంగు నిలిచినది. తల్లి యిరువది ముప్పది గ్రుడ్లను కడుపు క్రింద మోయుచు, ఈత కాళ్లతో వానికి నీటిని విసరుచుండును. నాలుగు వారములకు పిల్లలు తల్లి రూపముతోనే వెలువడును. మా తొట్టిలో నీ విధముగా మూడు కాన్పులైనవి.

ఆ యుత్సాహముతో మేము రెండవ తొట్టిలో నీలకంఠ రొయ్యను ఉంచితిమి. దిగువ పల్లెయందలి చెరువునుండి జాలరి యొకడు గ్రుడ్లతో నున్న దానిని బ్రతికియుండగనే తెచ్చి యిచ్చెను. నారింజవన్నె గ్రుడ్లు క్రమముగా బూడిదవన్నెకు తిరిగి, ఒక రాత్రి పొదిగినవి. ఉదయమున తొట్టియంతయు కదలు చుక్కలు! తలక్రిందులై, తోక ముందుగా నీదుచు, వెలుతురున్న వైపునకు గుంపులు గట్టినవి. మేము సంతోషముతో గ్రుడ్డుసొన చల్లితిమి. మూడవనాటికి సగము చచ్చెను. మేత మార్చితిమి, నీరు మార్చితిమి. అయిదవనాటి కొక్కటియు మిగులలేదు. తల్లి మాత్రము నిశ్చింతగా తిరుగుచుండెను.

తప్పు మేతలో లేదు. ఇదే చిక్కు పూర్వము పండితులకును కలిగెను. షావ్ వెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు మలయా దేశపు పెనాంగులో పరిశోధించి, ఈ పిల్లలకు ఉప్పు కలిసిన నీరు కావలయునని 1961-62 సంవత్సరములలో కనుగొనెను. లీటరునకు సుమారు 12 గ్రాముల ఉప్పు, అనగా సముద్రజలమునందలి దానిలో మూడవవంతు, వానికి తగినది. అట్టి నీటిలో అవి పదునొకండు దశలు గడచి, మూడు మొదలు అయిదు వారములలో రొయ్యరూపము దాల్చి, పిదప మంచినీటికి మరలును. మన నెల్లూరు, గోదావరి జిల్లాలలో 1990 తరువాత వ్యాపించిన నీలకంఠ రొయ్యల సాగునకు ఈ జ్ఞానమే మూలము. 2005 తరువాత తెగుళ్లచేతను మఱి కొన్ని కారణములచేతను ఆ సాగు తగ్గినది.

నదిలో ఈ పని తల్లియే చేయును. గ్రుడ్లతో దిగువకు పోయి, ఉప్పునీరు కలియు చోట పిల్లలను విడుచును. ఆ పిల్లలు పెరిగి ఎదురీదుచు మరలి వచ్చును. మన శారదానది అనంతగిరి కొండలలో పుట్టి, అనకాపల్లి మీదుగా సముద్రమును చేరుచున్నది. దానిపై రైవాడ జలాశయము గలదు. అడ్డుకట్ట యెక్కడ నున్నను, ఇట్టి జాతి రొయ్యలకు రాకపోకలు కష్టము. కట్ట వలన పొలములకు నీరందుట మేమెఱుగుదుము. నీటిలోని వాని సంగతియు ఎవరైన తలపవలయును గదా.

తొట్టి రొయ్యలను శారదలో విడిచెద మని యిద్దఱు బాలురు అడిగిరి. వలదంటిమి, పరదేశపు జాతి మన నీటిలో నేమి చేయునో ముందుగా చెప్పలేము. వారిప్పుడు పూడిమడక తీరమునుండి రెండు డబ్బాల సముద్రజలము తెచ్చుటకు ఒప్పుకొనిరి. నీలకంఠ తల్లి మరల గ్రుడ్లు పెట్టినచో కబురు చేయుమని జాలరికి చెప్పియుంచితిమి.