తీరభూమియు ధర్మమును: యవనదేశ, నెల్లూరు తీరముల తారతమ్య పరిశీలనము

శాసనములను చదువునపుడు కాలనిర్ణయమునకై మనము పడు శ్రమ దేశస్వరూపమును తెలిసికొనుటకై పడుట లేదు. దీనివలన అర్థనిర్ణయమునకు కలుగు లోపమును ఒక్క ఉదాహరణముతో చూపుట ఈ వ్యాసోద్దేశము.

ప్రాచీన యవనదేశము పర్వతమయము. కొండల నడుమ లోయలు వేర్వేరు నగరరాజ్యములైనవి. సాగునేల చాలక ఏథెన్సు వారు నల్లసముద్ర తీరమునుండి ధాన్యము తెప్పించుకొనిరి. తీరము వంపులు తిరిగి యుండుటచే సహజమైన రేవులు వారికి లభించినవి. భూమి విడదీసిన వారిని సముద్రము కలిపినది.

నెల్లూరు తీరము ఇందుకు భిన్నము. పినాకిని, స్వర్ణముఖి నదుల ఒండ్రుతో ఏర్పడిన మైదానము అన్నమునకు లోటు రానీయదు. కాని సముద్రపుటొడ్డు ఇసుకమయము. నదీముఖములు, కృష్ణపట్నము చెంత కండలేరు, పులికాటు సరస్సు వంటి తావులు తప్ప ఓడలకు ఆశ్రయము అరుదు. ఆశ్వయుజ కార్తికములలో తుపానుల భయము సరేసరి. అయినను వర్తకము సాగినది. నెల్లూరు చేరువ పొలము దున్నుచున్న రైతునకు ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాటి రోమను బంగారు నాణెములు 1780లలో దొరకుటయే ఇందుకు సాక్ష్యము.

ఇట్టి తీరమున గాలివానకు ఓడ పగిలినచో ఒడ్డున పడిన సరకు ఎవరిది? ఈ ప్రశ్నకు సమాధానము ఇదే తీరమున ఉత్తరముగా, చీరాల చేరువనున్న మోటుపల్లిలో కలదు. కాకతి గణపతిదేవుడు క్రీ.శ. 1244లో అచట అభయశాసనమును వేయించెను. పూర్వరాజులు అట్టి సరకును సర్వమును హరించుచుండిరనియు, తాను కీర్తిని ధర్మమును కోరి నియతమైన సుంకము మాత్రమే గ్రహించి తక్కినది వర్తకులకే విడిచితిననియు అందు ప్రకటించెను. సుంకము ముప్పదింట ఒక వంతు.

ఈ శాసనమును రాజు దయాగుణప్రశంసగా మాత్రమే పాఠము చెప్పుట వాడుక. తీరస్థితి నెరిగిన వానికి ఇందలి ప్రయోజనము వేరుగా తోచును. రేవులు అరుదై తుపానులు తరచైన చోట అభయము లేనిదే పరదేశి నావికుడు రాడు. అట్లని సర్వమును భౌగోళికస్థితియే నిర్ణయించునని చెప్పరాదు. పూర్వరాజుల కాలమునను తీరమిదే, తుపానులివే. వారు హరించిరి, ఇతడు విడిచెను. దేశము ప్రశ్నను మాత్రమే వేయును. సమాధానము మానవుని వివేకమునకు చెందినది. విద్యార్థులచే శాసనపాఠముతోపాటు తీరపటమును కూడ చదివించుట అధ్యాపకుల కర్తవ్యము.