పరికరానికి వివరణ పత్రము
కంప్యూటర్ ప్రోగ్రామును వ్రాసినవారు గాక ఇతరులు పరిశీలించి దోషాలు చూపడమే కోడ్ సమీక్ష. 1976లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన మైఖేల్ ఫాగన్ దీనికొక క్రమపద్ధతిని ప్రకటించాడు. నేడు ఆ సమీక్షలను వెదకి తెచ్చే పనిని కృత్రిమ మేధా సహాయకులకు సైతం అప్పగిస్తున్నాము. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ అట్టి మేధకు భారీ కేంద్రాన్ని విశాఖలోనే నెలకొల్పుతానని ప్రకటించింది. కనుక ఇది మనకు దూరపు ముచ్చట కాదు.

వెదకే పరికరానికి వివరణ వ్రాసేటప్పుడు మూడు సంగతులు తేటపడాలి: దానికి ఏ సంఖ్య ఇవ్వాలి, అది ఏమి తెచ్చి ఇస్తుంది, ఏమీ తేకుంటే అర్థమేమిటి. మూడవదే ముఖ్యము. ‘సమీక్ష దొరకలేదు’ అన్నదానిని ‘అభ్యంతరం లేదు’ అని యంత్రం గ్రహిస్తే దోషం తిన్నగా వాడుకలోకి పోతుంది. మౌనం అర్ధాంగీకారమనే లోకోక్తి ఇక్కడ చెల్లదు. సందేహం కలిగితే మనిషి అడుగుతాడు. యంత్రం తరచు ఊహతో సాగిపోతుంది. విద్యార్థులారా, స్పష్టంగా వ్రాయడం భాషాభ్యాసంలోని మొదటి పాఠము; ఈ నూతన విద్యకూ అదే పునాది.