ఇంటి కప్పు ఎప్పుడు మార్చాలి?

ఇల్లు ఎవరికి బాగా తెలుసు? కట్టిన మేస్త్రీకి తెలుసు. కానీ ఆయన కట్టేసి వెళ్ళిపోతాడు. ఇంట్లో రోజంతా మసలేది ఆడవాళ్ళు. ఊడ్చేటప్పుడు పైనుంచి ఏం రాలిందో చూసేది వాళ్ళే. వాన పడితే ఏ మూల గిన్నె పెట్టాలో తెలిసేది వాళ్ళకే. కాబట్టి కప్పు పాడయిందని ముందుగా కనిపెట్టగలిగేది కూడా వాళ్ళే.

సముద్రం ఒడ్డున ఒక పల్లె. అక్కడ అత్తా కోడళ్ళు ఇలా మాట్లాడుకుంటున్నారు.

"అత్తా, ఈ యేడు ఇల్లు కప్పించాలి. పడమటి మూల కారుతోంది."

"ఏటే, రెండు కమ్మలు దోపితే సరిపోదా? ఈ యేడు గడిసిపోతాదిలే."

"పోయినేడూ అలాగే అన్నావు కదత్తా!"

ఎవరి మాట నిజం? రెండు కమ్మలు దోపితే సరిపోయే ఇళ్ళూ ఉన్నాయి. దోపి లాభం లేని ఇళ్ళూ ఉన్నాయి. ఏది ఏదో తేల్చుకోవడానికి కప్పు ఎక్కనక్కరలేదు. ఇంట్లో నిలబడే చూడవచ్చు.

మిట్టమధ్యాహ్నం తలుపు మూసి పైకి చూడండి. ఒకటి రెండు చోట్ల వెలుతురు కనిపిస్తే అక్కడ ఆకు దోపించండి. అది చిన్న పని. చుక్కల ఆకాశంలా అంతటా వెలుతురు కనిపిస్తే ఆకు పలచబడిందని అర్థం. అప్పుడు దోపడం దండగ.

చూరు చేతికి అందుతుంది. అక్కడి కమ్మ కొస పట్టుకుని నలపండి. మంచి ఆకు వంగుతుంది. ముసలి ఆకు పొడి అవుతుంది. తాటాకు సాధారణంగా రెండు మూడేళ్ళు ఆగుతుంది. వరిగడ్డి అంతకంటే తక్కువ కాలం ఉంటుంది. కొందరు కుళ్ళిన ఆకు తియ్యకుండా దాని మీదే కొత్త ఆకు వేయిస్తారు. కూలి మిగిలిందనుకుంటారు. కానీ కింద ఉన్న తడి కొత్త ఆకును కూడా తినేస్తుంది. బరువు మాత్రం రెట్టింపవుతుంది.

వాన కారడం గురించి ఒక మాట. నీళ్ళు పడిన చోటే పైన చిల్లు ఉండాలని లేదు. నీరు వాసం పట్టుకుని కిందికి జారి, ఎక్కడో ఒకచోట బొట్లుగా పడుతుంది. అందుకే పైన తడి ఎక్కడ మొదలయిందో వెతకాలి. నీళ్ళు పడిన చోట గోడ మీద బొగ్గుతో గీత గీసి తేదీ రాయండి. మరుసటి వానకు అదే చోట కారితే అది చిల్లు. వానవానకూ కొత్త చోట కారితే కప్పంతా పోయినట్టే.

ఇంతవరకూ ఆకు సంగతి. ఆకు పోతే తడుస్తాం. కర్ర పోతే ఇల్లు మీద పడుతుంది. కాబట్టి అసలు చూడవలసింది కర్రను.

పొద్దున్నే ఊడ్చినప్పుడు నేల మీద సన్నని పిండిలాంటి పొడి కనిపిస్తుందా? అది పైనున్న వాసంలోంచి రాలింది. పుచ్చు పురుగు లోపల తొలుస్తోంది. గోడ మీదా రాట మీదా మట్టి గీతలు పైకి పాకుతున్నాయా? అవి చెదలు నడిచే దారులు. కొడవలి మొనతో వాసాన్ని గుచ్చి చూడండి. మొన దిగకపోతే కర్ర గట్టిది. వేలెడు లోతు దిగితే ఆ వాసం ఈ వానాకాలం ఆగదు.

పొయ్యి మీద ఉన్న వాసాలు నల్లగా, గట్టిగా ఉంటాయి. పొగకు పురుగు రాదు. పడక వైపు వాసాలే ముందు పుచ్చుతాయి. 1999లో దీపం పథకం వచ్చింది. తర్వాత చాలా ఇళ్ళలో గ్యాసు పొయ్యి చేరింది. పొగ తగ్గింది. ఆడవాళ్ళ కళ్ళకీ ఊపిరితిత్తులకీ మేలు జరిగింది. పుచ్చు పురుగుకు కూడా మేలు జరిగింది! ఇప్పుడు వంటింటి వాసాలను కూడా గుచ్చి చూసుకోవాలి.

రాట పైకి బాగానే కనిపిస్తుంది. కుళ్ళేది నేలను తాకే చోట. రాట చుట్టూ నాలుగు వేళ్ళ లోతు మట్టి తీసి చూడండి. సరుగుడు కర్రయినా, తాటి కర్రయినా అంతే. ఇంటి బయట దూరంగా నిలబడి కొప్పు వైపు చూడండి. కొప్పు తిన్నగా లేకుండా మధ్యలో కుంగిందా? అయితే ఆకు కొనేముందే కర్ర మార్చాలి.

ఆ అత్తా కోడళ్ళు కూడా కొడవలి పట్టుకుని చూశారు. పడమటి మూల మూడు వాసాలలో మొన దిగింది. "ఓలమ్మ! దీని కిందేనా మనం పడుకుంటున్నాం!" అంది అత్త. ఆ రాత్రే మంచం అటునుంచి ఇటు మార్చారు. వారంలో కర్రల బేరం చేశారు.

గాలి సంగతి కూడా తెలుసుకోవాలి. పెద్దగాలి కప్పును కిందికి అదమదు, పైకి లేపుతుంది. చూరు కిందనుంచీ తెరిచిన తలుపులోంచీ లోపలికి దూరి పైకి తోస్తుంది. అప్పుడు కప్పును పట్టుకుని ఉండేది వాసానికీ దూలానికీ వేసిన కట్టు. ఆ తాడును నలిపి చూడండి. పీచు రాలితే కొత్త తాడు కట్టించండి. ఇది అన్నింటికంటే తక్కువ ఖర్చు పని. కానీ చాలామంది మరిచిపోయే పని ఇదే. సముద్రం ఒడ్డున మత్స్యకారులు పాత వలలు కప్పు మీద పరిచి కడతారు. అది మంచి ఉపాయం. వెనకటివాళ్ళు కట్టిన చుట్టిళ్ళు కూడా ఊరికే గుండ్రంగా లేవు. గాలికి అడ్డంగా నిలిచే గోడ ఉండదు. కప్పు నేలకు దగ్గరగా దిగి ఉంటుంది. గాలి చుట్టూ జారిపోతుంది.

ఈ తేదీలు చదవండి. ఫైలిన్ తుపాను, 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను, 2014 అక్టోబరు 12. తిత్లీ తుపాను, 2018 అక్టోబరు 11. హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అప్పుడు గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. తిత్లీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. 2021లో గులాబ్ తుపాను ఇంకా ముందే, సెప్టెంబరు 26న, కళింగపట్నం దగ్గర వచ్చింది. అంటే దసరా రోజుల్లో తుపాను భయం ఉంటుంది. అప్పుడు కప్పు వైపు చూస్తే లాభం లేదు.

మరి ఎప్పుడు చూడాలి? ఉగాది దాటాక చూడండి. రోహిణి కార్తె లోపల పని ముగించండి. మృగశిర కార్తె వచ్చిందంటే వానలు దగ్గర పడ్డట్టే. తుపాను పోయాక ఊరంతా ఒక్కసారే కమ్మల కోసం, కూలీల కోసం తిరుగుతుంది. అప్పుడు ధర అడిగేదేముంది? అప్పు చేసి, వడ్డీ కట్టవలసి వస్తుంది. కప్పు వయసు ముందే తెలిస్తే పొదుపు సంఘంలో ముందే డబ్బు దాచుకోవచ్చు.

పెంకుటిల్లయితే పని కొంచెం తేలిక. కోతులూ ఎలకలూ పెంకులు కదుపుతాయి. ఏటా వేసవిలో సర్దించి, పగిలినవి మార్చితే చాలు. పెంకులు వరసలు వరసలుగా జారుతుంటే మాత్రం తప్పు పెంకుది కాదు, కింద కర్రది.

సిమెంటు రేకు మీద ఎవరూ కాలు పెట్టకూడదు. పాతరేకు పుటుక్కున విరుగుతుంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే నార ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. రేకు మార్చేటప్పుడు నీళ్ళతో తడిపి, పగలకొట్టకుండా దించించండి. ముక్కలు పిల్లలకు ఆటకు ఇవ్వవద్దు.

స్లాబు ఇల్లు శాశ్వతం అనుకుంటారు. కాదు. లోపలి ఇనుప చువ్వకు తుప్పు పడితే అది ఉబ్బుతుంది. ఉబ్బి సిమెంటును బయటికి తోస్తుంది. పెచ్చులు రాలేది అందుకే. ఉప్పు గాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. పాత కాలనీ ఇళ్ళలో ఇది చాలా చూస్తాం. కర్రతో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వచ్చిన చోట మంచం వేయవద్దు. తుప్పు గీకకుండా పైన సిమెంటు పూస్తే అది మళ్ళీ ఊడుతుంది. చువ్వలు అంతటా బయటపడితే మండలంలో గృహనిర్మాణ శాఖ ఇంజనీరుకు అర్జీ రాసి చూపించండి. అర్జీలో తేదీ వేయడం మరవద్దు.

ఇప్పుడు మీ ఇంటి కప్పు చూసి, ఈ ఖాళీలు పూరించండి.

మా ఇంటి కప్పు దేనితో వేశారు? __________
ఏ సంవత్సరంలో వేశారు? __________
కొడవలి మొన దిగిన వాసాలు ఎన్ని? __________
కట్టు తాడు ఎప్పుడు మార్చారు? __________
చూసిన తేదీ: __________
చూసినవారి సంతకం: __________