గులాబీ రంగు పెట్టెలో ఆటలు

పిల్లల డాక్టరు దగ్గరికి జ్వరాలూ దగ్గులతో పాటు ఈమధ్య ఫోను గొడవలూ వస్తున్నాయి. వాటిలో రెండు ఫిర్యాదులు తరచుగా వింటుంటాను. "చేతికి ఫోనిస్తే చాలండీ, ఆ పెళ్లికూతురి మేకప్ ఆటలే. ఇప్పట్నుంచే దీనికి అందం పిచ్చి పట్టుకుంటుందేమో" అని ఒక తల్లి. "మా పాప అచ్చం మగపిల్లాడిలా తుపాకుల ఆటలాడుతోందండీ, ఇది మామూలేనా?" అని ఒక తండ్రి. అమెరికా నుంచి సెలవులకొచ్చిన మనవాళ్లూ ఇవే అడుగుతారు. ఎవరి దిగులూ కొట్టిపారేసేది కాదు. అందరికీ ముందుగా చెప్పేది మాత్రం ఒకటే. మీ అమ్మాయి బాగానే ఉంది. ఇది ఆడవాళ్లకు, ఇది మగవాళ్లకు అని ఆటల మీద ఎవరో ఎప్పుడో చీటీలు అంటించారు. వాటిని చదివి మనం కంగారు పడుతున్నాం.

ముందు ఆ మేకప్ ఆట సంగతి చూద్దాం. ఒకసారి పాప పక్కన కూర్చుని మొదటినుంచీ చూడండి. తెర మీద ఒక అమ్మాయి ముఖం వస్తుంది. బుగ్గల మీద మొటిమలు, కళ్ల కింద నలుపు, గుబురుగా పెరిగిన కనుబొమలు. వేలితో నొక్కితే ఒక్కో మొటిమా మాయమవుతుంది. క్రీము పూసి తుడిస్తే ముఖం తెల్లబడుతుంది. లిప్‌స్టిక్కూ పాపిడిబిళ్లా లెహెంగా ఆ తర్వాత వస్తాయి. అలంకారాన్ని నేను తప్పుపట్టను, పిల్లలకు అది ఎప్పుడూ సరదానే. నన్ను ఇబ్బంది పెట్టేది ఆ మొదటి మెట్టు. బొమ్మను ముస్తాబు చేసే ముందు ఆ ముఖంలో తప్పులు వెతకాలి. మన అమ్మమ్మలు ఆడుకున్న బొమ్మల పెళ్లిళ్లలో ఇది లేదు. అక్కడ పెళ్లికూతురు గుడ్డపీలికల బొమ్మే అయినా మొదటినుంచీ అందగత్తే.

అయితే ఆడపిల్లలకు ఇలాంటివే ఇష్టమని ఎవరు తేల్చారు? వీడియో గేములు మొదట్లో ఇలా లేవు. 1980లో జపాన్‌లో ప్యాక్‌మ్యాన్ తయారుచేసిన తోరు ఇవతాని, ఆటల కేంద్రాలకు ఆడవాళ్లు కూడా రావాలని కోరుకున్నారు. అందుకే యుద్ధాలు వద్దనుకుని తిండి చుట్టూ ఆట అల్లారు. 1982లో వచ్చిన రివర్ రెయిడ్ అనే విమానం ఆటను రాసింది కరోల్ షా అనే మహిళ. 1983లో అమెరికాలో ఈ వ్యాపారం కుప్పకూలింది. రెండేళ్ల తర్వాత నింటెండో తన యంత్రాన్ని అక్కడ ఆటబొమ్మగా అమ్మింది. అక్కడి బొమ్మల దుకాణాల్లో మగపిల్లలకో వరస, ఆడపిల్లలకో వరస ఉండేవి. ఆట మగపిల్లల వరసలోకి వెళ్లింది. ప్రకటనలూ వాళ్లనే పిలిచాయి. అంతకుమించి ఇందులో ప్రకృతి ధర్మమంటూ ఏమీ లేదు. సరుకు ఏ అరలో పెడితే అమ్ముడవుతుందన్న లెక్క, అంతే.

ఆ తర్వాత 1996లో మాటెల్ కంపెనీ బార్బీ ఫ్యాషన్ డిజైనర్ తెచ్చింది. మొదటి రెండు నెలల్లోనే 5 లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. గులాబీ రంగు, ఫ్యాషన్ ఉంటే ఆడపిల్లలు కొంటారని కంపెనీలు తీర్మానించుకున్నాయి. కానీ ఆ ఆటలో పిల్లలు చేసేది ఏమిటో చూడండి. కంప్యూటర్లో గౌను గీసి, రంగులు ఎంచి, గుడ్డలాంటి కాగితం మీద ప్రింటు తీసి, కత్తిరించి బొమ్మకు తొడిగేవాళ్లు. వాళ్లకు నచ్చింది ఆ రంగా, తమ చేత్తో ఒకటి తయారుచేయడమా? తయారుచేయడమేనని నా నమ్మకం. వ్యాపారులు రంగును పట్టుకున్నారు. 2007లో యూబీసాఫ్ట్ ఆడపిల్లల కోసమంటూ ఇమాజిన్ పేరుతో వరసగా ఆటలు తెచ్చింది. పసిపాపల్ని ఆడించడం, వంట, ఫ్యాషన్. పశువుల డాక్టరు ఆట కూడా ఒకటి ఉంది, అదొక్కటి కాస్త నయం. విచిత్రమేమిటంటే, ఎవరి పేరూ రాసిపెట్టకుండా 2000లో వచ్చిన ద సిమ్స్‌ను అమ్మాయిలు విరగబడి ఆడారు. ఇల్లు కట్టు, మనుషుల్ని పెట్టు, ఏం జరుగుతుందో చూడు, అంతే ఆ ఆట.

ఇప్పుడు పాప మనసులోకి వెళ్దాం. 2017లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అమెరికాలో అయిదు, ఆరు, ఏడేళ్ల పిల్లలకు ఒక కథ చెప్పారు. అందులో ఒక మనిషి చాలా చాలా తెలివైనవారు, ఆడో మగో చెప్పలేదు. కొన్ని ఫొటోలు చూపించి, ఆ మనిషి ఎవరై ఉంటారని అడిగారు. అయిదేళ్ల పిల్లల్లో అబ్బాయిలు మగవాళ్లనూ, అమ్మాయిలు ఆడవాళ్లనూ దాదాపు ఒకేలా చూపించారు. ఆరేళ్లకు వచ్చేసరికి అమ్మాయిలు ఆడవాళ్ల ఫొటో చూపించడం తగ్గిపోయింది. పిల్లల ముందు రెండు కొత్త ఆటలు కూడా పెట్టారు. ఒకటి బాగా తెలివైనవాళ్ల కోసమని, ఇంకొకటి బాగా కష్టపడేవాళ్ల కోసమని చెప్పారు. తెలివైనవాళ్ల ఆట మీద ఆరేడేళ్ల అమ్మాయిలకు అబ్బాయిల కన్నా తక్కువ ఆసక్తి కనిపించింది. కష్టపడేవాళ్ల ఆట దగ్గర ఆ తేడా లేదు.

ఇది చదివాక నాకు కాసేపు మనసు బాగోలేదు. ఆరేళ్లంటే మన దగ్గర ఒకటో తరగతి. ఇంకా పాలపళ్లు ఊడుతుంటాయి. ఆ వయసులో పాప ఒక ఆట వైపు చూసి, ఆడకముందే, ఓడకముందే, "ఇది నాలాంటి వాళ్లది కాదేమో" అనుకుంటుంది. ఆ మాట పైకి అనదు. "నాకిష్టం లేదు" అంటుంది. మనం దాన్ని ఆమె అభిరుచి అనుకుంటాం. ప్రకటనలూ, పెట్టెల మీది బొమ్మలూ, ఇంట్లో మన మాటలూ కలిసి ఆమెకు నేర్పిన సంకోచం కూడా అందులో ఉండొచ్చు. ఏది ఇష్టమో, ఏది సంకోచమో ఆమెకే తెలియదు. కాబట్టి "నువ్వెందుకు ఆడవు" అని నిలదీయకండి.

పిల్లలు ఇవన్నీ గమనించరనుకోకండి. 2015లో పన్నెండేళ్ల అమెరికన్ పాప ఒకతి, టెంపుల్ రన్ లాంటి పరుగు ఆటలు 50 ఏరి, లెక్క తీసి వాషింగ్టన్ పోస్ట్‌కు రాసింది. అబ్బాయి బొమ్మ చాలా ఆటల్లో ఉచితం. అమ్మాయి బొమ్మ సగానికి పైగా ఆటల్లో అసలు లేదు, ఉన్నచోట చాలావాటిలో డబ్బు కట్టాలి. వ్యాసం చూసి కొన్ని కంపెనీలు అమ్మాయి బొమ్మనూ ఉచితంగా ఇస్తామన్నాయి. చిన్నపిల్ల అడిగితే మారింది కదా, ఇంతకాలం పెద్దవాళ్లెవరూ అడగలేదేం?

ఇక మనం చేయగలిగేది. మేకప్ ఆట చూసి "ఛీ, ఇదేం పిచ్చి ఆట" అనొద్దు. ఆడపిల్లలకు నచ్చేవన్నీ తక్కువరకమైనవని పాప అర్థం చేసుకుంటుంది. పక్కన కూర్చుని "ఈ అమ్మాయి ముఖం మొదట్లోనే బాగుందిగా, ఎందుకు మార్చడం?" అని మామూలుగా అడిగి చూడండి. ఆ ఒక్క ప్రశ్న చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. గౌన్లు కుట్టడం ఇష్టమైన పాపకు స్క్రాచ్ చూపించండి. ఎంఐటీలో పుట్టింది, ఉచితంగా దొరుకుతుంది, దాంతో తన ఆట తనే తయారుచేసుకోవచ్చు. మైన్‌క్రాఫ్ట్ ఇళ్లు కట్టించడానికి బాగుంటుంది. చిక్కుముళ్లు ఇష్టపడితే మాన్యుమెంట్ వ్యాలీ ఉంది. నచ్చకపోతే వదిలేయండి, బలవంతంగా ఆడించేది ఆట కాదు. కళ్లకు విశ్రాంతి, నిద్ర, ఎండలో ఆట గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

తుపాకుల ఆట గురించి అడిగిన తండ్రిని నేను తిరిగి ఒకటి అడుగుతాను. అదే ఆట మీ అబ్బాయి ఆడితే నా దగ్గరికి వచ్చేవారా? చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఆ ఆట ఎనిమిదేళ్ల వయసుకు తగదంటే అబ్బాయికీ తగదు. పదహారేళ్లు దాటినవాళ్లకు తగినదైతే అమ్మాయికీ తగినదే. చూడాల్సింది ఆట మీద రాసిన వయసు.

ఒక భయం మాత్రం ఆడపిల్ల తల్లిదండ్రులకు న్యాయమైనదే. ఆన్‌లైన్ ఆటల్లో అమ్మాయి గొంతు వినబడగానే వెకిలిగా మాట్లాడేవాళ్లు ఉంటారు. చాలామంది అమ్మాయిలు మైకు ఆపేసి, మగపేరు పెట్టుకుని ఆడేది అందుకే. చిన్నపిల్లలకు వాయిస్ చాట్ తీసేయండి, తెలిసినవాళ్లతోనే ఆడనివ్వండి. పాప వచ్చి "ఒకడు ఇలా అన్నాడు" అని చెబితే, వెంటనే ఫోను లాక్కోకండి. తప్పు వాడిదైతే శిక్ష తనకు పడిందని ఆమెకు తెలిసిపోతుంది, రెండోసారి మనకు చెప్పదు. ఇద్దరూ కలిసి వాణ్ని బ్లాక్ చేయండి, ఫిర్యాదు పెట్టండి, ఆట మళ్లీ ఆడనివ్వండి.

చివరగా కాస్త కటువైన మాట. అరలో సరుకు సర్దింది కంపెనీలే కానీ, ఇంట్లో అర సర్దేది మనం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులతో మాట్లాడి జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ 2002లో ఒక పుస్తకం రాశారు. ఇంట్లో కంప్యూటర్ ఎక్కువగా కొడుకు గదిలోకి చేరేదని, తండ్రులు దాన్ని ఎక్కువగా కొడుకులతో పంచుకునేవారని వాళ్లకు తెలిసింది. మన ఇళ్లలోనూ ప్లేస్టేషన్ అన్నయ్య పేరు మీదే వస్తుంది, చెల్లెలికి "వాడయ్యాక ఆడుకుందువుగాని" అనే మాట దక్కుతుంది. ఆట మధ్యలో వంటింట్లోంచి ఎవరి పేరు పెట్టి పిలుస్తామో కూడా గుర్తు చేసుకోండి. ఇదంతా ప్రేమ లేక జరగడం లేదు, అలవాటుగా జరిగిపోతోంది.

ఈసారి దసరాకో పుట్టినరోజుకో ట్యాబ్ కొన్నా, కన్సోల్ కొన్నా, హాల్లో పెట్టండి. ఒక ఖాతా అమ్మాయి పేరుతో తెరవండి. ఆట వెతికేటప్పుడు ‘గర్ల్స్ గేమ్స్’ అని టైపు చేసేది చాలాసార్లు మన వేళ్లే. ఆ మాట వదిలేసి, ఏం టైపు చేయమంటావని పాపనే అడగండి.