గుప్పెడు బియ్యం తీసిపెట్టిన ఇల్లు

ఒంగోలు దగ్గర పల్లెలో పుట్టాను. బడిపంతులుగా పనిచేశాను, చాలాకాలం సంఘ పెద్దగా ఉన్నాను. కొత్తగా పెళ్లయిన జంటలు ఇంటికొస్తే కూర్చోబెట్టి చెప్పే మాటలివి.

1. లేమిని విశ్వాసానికి కొలబద్ద చేయకండి.

అప్పుల్లో ఉన్న ఇంటికెళ్లి, మీ ప్రార్థనలో లోపముంది కాబట్టే ఆశీర్వాదం రావడం లేదని చెప్పే బోధకులు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆ మాటకు కుమిలిపోయిన తల్లులను నేను చూశాను. బిడ్డను కన్న తల్లి దేవాలయంలో గొర్రెపిల్లను అర్పించాలని ధర్మశాస్త్రం. అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలో, రెండు పావురపు పిల్లలో చాలు. మరియ, యోసేపుల విషయంలో లూకా చెప్పింది ఈ పక్షుల అర్పణ గురించే. ప్రభువు పెరిగింది లేనివాళ్ల ఇంట్లో. ఆ ఇంట్లో విశ్వాసం తక్కువని ఎవరనగలరు?

మన తాతముత్తాతల సంగతీ వినండి. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి పని ఇచ్చారు. గింజల కోసం మతం మారారన్న మాట పడకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కలిగినవాళ్లయి వాళ్లు ఏట్లో దిగలేదు, ఒడ్డుకొచ్చాక కలిగినవాళ్లూ కాలేదు. అయినా మన సంఘాలు నిలబడింది వాళ్ల మీదే.

2. ఇచ్చే చెయ్యి పేదవాళ్లకూ ఉంటుంది.

మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి విడిగా కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్లేవి. మేమూ ఒకరికి పెట్టగలమని చిన్నప్పుడే మాకు తెలిసింది అలాగే. 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పయిన దోర్నకల్ అజరయ్యగారు, కూలినాలి చేసుకునే సంఘాలు సైతం తమ కాళ్ల మీద నిలబడాలని పట్టుబట్టారు. ఆయన మాట నాకు ఇష్టం. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని, దశమ భాగం ఇవ్వకపోతే శాపమని పూట గడవని ఇంటిని భయపెట్టడం అన్యాయం. ఎంత ఇవ్వాలో బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టే ఆ ఇల్లాలికి తెలుసు. ఆమెను నిర్ణయించుకోనివ్వండి.

3. ముందు కన్నవాళ్లు.

అమ్మానాన్నలకు పెట్టాల్సింది దేవుడికి అర్పించేశామని తప్పించుకునేవాళ్లను యేసు ప్రభువు గట్టిగా గద్దించాడు. సభలకు షామియానా ఖర్చు భరించి తల్లికి మందులు కొననివాడు మార్కు సువార్త ఏడో అధ్యాయం చదువుకోవాలి.

4. అప్పు చేసి పెళ్లి చేయకండి.

నా మనసు అన్నిటికన్నా ఎక్కువ నొచ్చుకునేది ఇక్కడే. 1961 వరకట్న నిషేధ చట్టం మనకూ వర్తిస్తుంది. అయినా కట్నం మాట్లాడుకున్నాకే గుడిలో ప్రకటన చదివించే ఇళ్లు ఎన్నో. విందుకు వందల మంది, వేదికకు పూలు, వీడియో. ఏడాది తిరక్కుండా వడ్డీ కట్టలేక పిల్ల తండ్రి హైదరాబాదులో కాపలా పనికి పోతాడు, పిల్ల తమ్ముడు చదువు మానేస్తాడు. మూడు ఆదివారాలు ప్రకటన చదివే పాస్టరుగారు, మొదటి ఆదివారానికి ముందే రెండు కుటుంబాలనూ పిలిచి ఖర్చు లెక్క అడగాలి. అది ఇంటి గుట్టు కదా అంటారు. పెళ్లి సంఘం ఎదుట జరుగుతున్నప్పుడు అడిగే హక్కు సంఘానికి ఉంది. ఆదివారం సాయంత్రం ఆరాధన అయ్యాక కాఫీ, బిస్కెట్లతో జరిగిన పెళ్లిళ్లు మా గుడిలో ఉన్నాయి. ఆ కాపురాలు చల్లగా ఉన్నాయి.

5. సాయం చేసేటప్పుడు ఫోటో తీయకండి.

పొలం అంచులు కోయకుండా బీదలకు వదిలేయమంది లేవీయకాండం. రూతు పరిగె ఏరుకుంటుంటే, పనలు కొన్ని కావాలనే జారవిడవమని బోయజు పనివాళ్లకు చెప్పాడు. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచుతూ విధవరాళ్లను వరసలో నిలబెట్టేవాళ్లు అతన్ని చూసి నేర్చుకోవాలి.

6. సర్టిఫికెట్ చూసి ఎవరి భక్తినీ తూచకండి.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దారి తెరిచారు. మనకు మిగిలింది బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్. బాప్తిస్మంతో వాడ మారలేదు, కూలి మారలేదు, చూసే చూపూ మారలేదు. పిల్ల సీటు పోతుందని హిందూ ఎస్సీ సర్టిఫికెట్ వదులుకోలేని తండ్రి భయాన్ని వేదిక మీద నుంచి ఎత్తిపొడవడం క్రూరత్వం. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇచ్చే అంశంపై 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ప్రభుత్వాన్ని అడగాల్సింది అడుగుదాం. ఈలోగా ఫీజులు ఆగవు కాబట్టి, మా సంఘంలో కోత పండుగ వేలం డబ్బులో కొంత ఇలాంటి ఇళ్ల పిల్లల చదువు కోసం పక్కన పెడుతున్నాం. పేర్లు ఖజానాదారుకు, పాస్టరుగారికి తప్ప ఎవరికీ తెలియవు. మీ సంఘాల్లోనూ మొదలుపెట్టండి.